క్లోరిన్ వెయ్యడం వేరు, ఉందో లేదో చూడడం వేరు

మొన్న ఆఫీసులో పక్క టీమ్‌లో ఉండే ఒకాయన (మనవాడే, వరంగల్) ఫోన్ చేశాడు. "అన్నా, మీ ఇంట్ల స్విమ్మింగ్ పూల్‌కి క్లోరిన్ నువ్వే ఆటోమేట్ చేసినవంట గద, పార్ట్స్ లిస్టు జర పంపవా" అన్నాడు. పంపిస్తానని చెప్పా. చెప్పి పది రోజులైంది, ఇంకా పంపలేదు. బద్ధకం ఒక కారణం. ఆ లిస్టుతో పాటు చెప్పాల్సిన సంగతి ఒకటుంది, అది వాట్సాప్‌లో రెండు లైన్లలో తేలదు, అది రెండో కారణం. అందుకే ఇక్కడ రాస్తున్నా. అతనొక్కడికే కాదు, ఊరికి ఏదన్నా చేద్దామని మనసులో ఉన్న నాలాంటి వాళ్ళందరికీ పనికొస్తుందని నా ఆశ.

ముందు పూల్ సంగతి. డల్లాస్ దగ్గర ఇల్లు కొన్నప్పుడు పెరట్లో పూల్ కూడా వచ్చింది. పదిహేను వేల గాలన్లు, అంటే సుమారు 57 వేల లీటర్లు. కొన్న మొదటి ఎండాకాలమే అర్థమైంది, పూల్ అంటే నీళ్ళు కాదు, రోజూ మేపాల్సిన బర్రె అని. టెక్సస్ ఎండకి క్లోరిన్ నిలవదు. పొద్దున పోసింది సాయంత్రానికి సగం ఉండదు. రెండ్రోజులు ఊరెళ్ళొస్తే నీళ్ళు పచ్చగా అయిపోతాయి. ఈ సైజు పూల్‌లో ఒక పీపీఎం పెంచాలంటే 57 గ్రాముల క్లోరిన్ కావాలి. పన్నెండున్నర శాతం హైపో ద్రావణమైతే దాదాపు అర లీటరు. రోజూ సాయంత్రం టెస్టు చెయ్యి, లెక్క కట్టు, పొయ్యి. సాఫ్ట్‌వేర్ వాడికి ఇలాంటి పని మూడోసారి చేసేసరికి చెయ్యి దురద పెడుతుంది కదా. నాకూ పెట్టింది.

ఒక ఈఎస్‌పీ32 బోర్డు, ఒక ఓఆర్‌పీ ప్రోబు, ఒక పీహెచ్ ప్రోబు, చిన్న పెరిస్టాల్టిక్ పంపు, హైపో డ్రమ్ము. ఓఆర్‌పీ అంటే నీళ్ళకున్న ఆక్సీకరణ శక్తి ఎంతో మిల్లీవోల్టుల్లో చెప్పే కొలత. అది 650 కన్నా తగ్గితే పంపు ఆన్, 720 దాటితే ఆఫ్. ఇంతే ప్రోగ్రామ్. ఒక శనివారం, ఒక ఆదివారం పట్టింది. ఫోన్లో గ్రాఫు కూడా పెట్టా. చూడ్డానికి భలే ఉండేది.

ఇక్కడ ఒక చిన్న మెలిక ఉంది. ఓఆర్‌పీ క్లోరిన్ ఎంతుందో చెప్పదు, అది ఎంత గట్టిగా పనిచేస్తోందో చెప్తుంది. క్లోరిన్ నీళ్ళలో కలిశాక సూక్ష్మక్రిముల్ని చంపేది ప్రధానంగా హైపోక్లోరస్ ఆమ్లం. పీహెచ్ ఏడున్నర దగ్గర ఉంటే క్లోరిన్‌లో సగం ఆ రూపంలో ఉంటుంది, ఎనిమిదికి పోతే పావు వంతుకి పడిపోతుంది. ఎండకి క్లోరిన్ పోకుండా కలిపే సయన్యూరిక్ యాసిడ్ ఎక్కువైనా ఓఆర్‌పీ తగ్గుతుంది. కాబట్టి తెర మీద కనబడే అంకెకీ నీళ్ళలో ఉన్నదానికీ మధ్య రెండు మూడు అనువాదాలు జరుగుతాయి. ఇదంతా చదువుకునే మొదలుపెట్టా. చదువుకున్నంత మాత్రాన బుద్ధి వస్తుందా?

ఒక రాత్రి ప్రోబు కనెక్టరు ఊడిపోయింది. నేను వాడిన లైబ్రరీ, రీడింగ్ రాకపోతే ఎర్రర్ ఇవ్వకుండా చివరిసారి వచ్చిన విలువనే మళ్ళీ మళ్ళీ ఇస్తూ పోయింది. ఆ చివరి విలువ 641. అంటే తక్కువ. కాబట్టి పంపు తెల్లార్లూ తిరిగింది. డ్రమ్ములో మిగిలిన పద్దెనిమిది లీటర్లూ పూల్‌లోకి పోయాయి. లెక్క కడితే నలభై పీపీఎం దగ్గర. పూల్‌లో మామూలుగా ఉండాల్సింది ఒకటి నుంచి మూడు, నాలుగు.

పొద్దున్నే మా అమ్మాయి దిగింది. పది నిమిషాలకి కళ్ళు ఎర్రబడి బయటికొచ్చేసింది. నేను వెంటనే టెస్టు కిట్టు తీసి డీపీడీ మందు కలిపి చూశా. క్లోరిన్ ఉంటే గులాబీ రంగు రావాలి. రాలేదు, నీళ్ళు తేటగా ఉన్నాయి. "క్లోరినే లేదు, అందుకే కళ్ళు మండాయి" అని ఇంకో అర లీటరు పోశా! మా ఆవిడ తలుపు దగ్గర్నుంచే ముక్కు మూసుకుని, "నీకేమన్నా జలుబు చేసిందా? ఇంత వాసన వస్తుంటే లేదంటావేంటి?" అంది. అప్పుడు గుర్తొచ్చింది. క్లోరిన్ మరీ ఎక్కువైతే అది డీపీడీ రంగునే తెల్లగా చేసేస్తుంది. సున్నా అయినా తేటగానే ఉంటుంది, నలభై అయినా తేటగానే ఉంటుంది. తాగే నీళ్ళు పదింతలు కలిపి పలచన చేసి మళ్ళీ చూస్తే ముదురు గులాబీ. అమ్మాయి నీలం స్విమ్‌సూట్ మీద తెల్ల మచ్చలు ఇప్పటికీ ఉన్నాయి. పారేయనివ్వలేదు నేను.

తర్వాత బుద్ధిగా అన్నీ సరిచేశా. ప్రతి రీడింగుకీ టైమ్ కట్టా, రెండు నిమిషాల కన్నా పాతదైతే పంపు ఆగిపోవాలి. రోజుకి ఇంతకన్నా పొయ్యకూడదని పరిమితి పెట్టా. నీళ్ళు పారుతుంటేనే పంపుకి కరెంటు అందేలా ఫ్లో స్విచ్చిని ప్రోగ్రామ్‌లో కాకుండా వైర్లలోనే పెట్టా. ఈ ఆఖరిది మాత్రం మా వరంగల్ తమ్ముడు ఎట్టి పరిస్థితుల్లోనూ వదలకూడదు. యాసిడ్, హైపో రెండూ ఆటోమేట్ చేసినవాళ్ళ పూల్స్‌లో, నీళ్ళ మోటారు ఆగినా మందు పంపులు నడిస్తే రెండూ పైపులో కలిసి క్లోరిన్ గ్యాస్ పుడుతుంది. మోటారు మళ్ళీ తిరగ్గానే అది పిల్లలున్న చోటికి వస్తుంది. అమెరికాలో ఇలాంటి ప్రమాదాలు చాలాసార్లే జరిగాయి.

ఇవన్నీ చేశాక రెండేళ్ళు సిస్టమ్ బ్రహ్మాండంగా నడిచింది. నాకు నేనే పెద్ద ఇంజనీరునని అనుకున్నా. అసలు తప్పు ఆ తర్వాతే చేశా.

మాది జగిత్యాల దగ్గర ఒక పల్లె. మేం చదువుకునే రోజుల్లో కరీంనగర్ జిల్లా, 2016 అక్టోబరు నుంచి జగిత్యాల జిల్లా. 2023 సంక్రాంతికి ఊరెళ్ళినప్పుడు పొద్దున్నే మేడ మీద పళ్ళు తోముకుంటుంటే పాత వాటర్ ట్యాంకు నిచ్చెన ఎక్కుతూ ఒక ముసలాయన కనబడ్డాడు. చేతిలో బకెట్. మా ఊళ్ళో అందరికీ ఆయన నీళ్ళ కాక. మోటారు వేస్తాడు, వాల్వులు తిప్పుతాడు, పైపు పగిలితే తవ్వుతాడు. జీతం పది వేల లోపు, అది కూడా నెలనెలా వచ్చేది కాదు.

ఆ పాత ట్యాంకు నలభై వేల లీటర్లది. మిషన్ భగీరథ లెక్క పల్లెల్లో మనిషికి రోజుకి వంద లీటర్లు కదా, అంటే నాలుగు వందల మందికి ఒకరోజు నీళ్ళు. అప్పుడు తట్టింది నాకు, నా ఇద్దరు పిల్లలు ఈదే పూల్ మా ఊళ్ళో నాలుగు వందల మంది వాడుకునే ట్యాంకు కన్నా పెద్దదని. ఆ ఆలోచన గుచ్చుకుంది. మంచిదే. కానీ గుచ్చుకున్నవాడు తొందరపడతాడు.

కాక పద్ధతి ఇది. బకెట్లో బ్లీచింగ్ పౌడర్ వేసి కలిపి, సున్నం అడుక్కి దిగాక పైన తేట నీళ్ళు ట్యాంకులో పోస్తాడు. భగీరథ నీళ్ళు ఫిల్టర్ బెడ్ల దగ్గర క్లోరిన్ కలుపుకునే వస్తాయి, కానీ అన్ని మైళ్ళు పైపుల్లో తిరిగి వచ్చేసరికి ఎంత మిగులుతుందన్నది వేరే సంగతి. అందుకే ఊళ్ళో మళ్ళీ వేస్తారు. "ఎంత ఏస్తవే కాకా?" అనడిగా. "రెండు పిడికిల్లు. ఎండకాలం మూడు" అన్నాడు. నాకు నవ్వొచ్చింది. నలభై వేల లీటర్లకి లీటరుకి రెండు మిల్లీగ్రాముల లెక్కన 80 గ్రాముల క్లోరిన్ కావాలి. కొత్త పౌడర్‌లో మూడో వంతు క్లోరిన్ ఉంటుంది కాబట్టి 240 గ్రాములు. దీన్ని పిడికిళ్ళతో కొలవడమేంటి? పైగా ట్యాంకులో పోశాక అరగంట ఆగి, వాల్వు తిప్పి, సైకిలెక్కి ఊరి చివరి నల్లా దాకా పోయి, చేతిలో నీళ్ళు పట్టి వాసన చూసేవాడు. ఎందుకని అడిగితే, "ఆడ వాసన రాకపోతే ఇంకింత ఏస్త" అన్నాడు. అదీ నాకు తమాషాగానే అనిపించింది.

లక్ష రూపాయల పైన పెట్టి హైదరాబాద్ నుంచి డోసింగ్ పంపు, రెండు వందల లీటర్ల హైపో డ్రమ్ము, ప్యానెల్, సిమ్ కార్డు తెప్పించి బిగించా. ట్యాంకు నింపే మోటారు తిరిగినంతసేపూ డోసింగ్ పంపు తిరుగుతుంది. క్లోరిన్ సెన్సర్ కూడా పెడదామనుకున్నా గానీ దాని ధర మొత్తం సిస్టమ్ ధరని మించింది, పైగా నెలనెలా కాలిబ్రేషన్. వదిలేశా. మోటారు, పంపు తిరిగాయా లేదా అన్నది మాత్రం డల్లాస్‌లో నా ఫోన్లో కనబడేది. తిరిగితే పచ్చలైటు. ఊళ్ళో శాలువా కప్పారు, ఫోటో తీశారు. ఖరీదైన సామాను కదా అని ఆ గదికి తాళం వేసి, తాళంచెవి సర్పంచ్ గారి ఇంట్లో పెట్టారు. అంతా సుఖాంతం.

ఫిబ్రవరి నుంచి జూలై దాకా రోజూ పచ్చలైటే. ఒక్కరోజు కూడా తప్పలేదు. స్టాండప్ మీటింగుల మధ్యలో ఆ లైటు చూసుకుని మురిసిపోయేవాణ్ణి.

ఈలోపు ఊళ్ళో జరిగింది ఇది. హైపో ద్రావణానికి ఎండ, వేడి పడవు. జగిత్యాలలో మే నెల అంటే మీకు తెలుసు, రేకుల గదిలో డ్రమ్ము పెడితే అందులో మందు వారాల్లోనే బలం పోగొట్టుకుంటుంది. పంపు మాత్రం అంతే పోస్తుంది, పోసేది మందో ఉత్త ఉప్పునీళ్ళో దానికి తెలీదు కదా. జూన్‌లో డ్రమ్ము అడుగంటింది. కొత్త డ్రమ్ము కొనాలంటే బిల్లు, దానికో సంతకం. ఈ నెల వచ్చే నెల అన్నారు. పంపు గాలి పీలుస్తూ తిరిగింది. ఫోన్లో పచ్చలైటు.

2023 జూలై చివరి వానలు మీకు గుర్తుండే ఉంటాయి. కడెం ప్రాజెక్టు గేట్ల మీద నుంచి నీళ్ళు పొర్లిన వారం అది. మా ఊళ్ళో కింది వాడలో మోరీ పక్కనుంచి పోయే పైపు జాయింటు దగ్గర కదిలింది. నీళ్ళు వదిలినప్పుడు లోపల ప్రెషర్ ఉంటుంది కాబట్టి నీళ్ళు బయటికి కారతాయి. ఆపినప్పుడు మోరీ నీళ్ళు లోపలికి పోతాయి. ట్యాంకు నుంచి అన్నిటికన్నా దూరంగా ఉండే వాడ ఎవరిదో నేను చెప్పక్కర్లేదు, మన ఊళ్ళు ఎలా కట్టారో మీకు తెలుసు. నాలుగు రోజుల్లో పదకొండు మందికి వాంతులు, విరేచనాలు. ఆ వాడ పక్కనే ఉండే మా చిన్నమ్మకీ వచ్చింది. డెబ్బై రెండేళ్ళ మనిషి. జగిత్యాలలో ఆసుపత్రిలో చేర్చేసరికి ఒంట్లో నీళ్ళు లేవు, ఒకటిన్నర రోజు మూత్రం రాలేదు. అయిదు రోజులు సెలైన్ మీద ఉండి బతికింది. ఆ అయిదు రోజులూ నా ఫోన్లో ఏ రంగు లైటు వెలిగిందో మళ్ళీ చెప్పను.

ఫోన్లో కాకని అడిగా. కోపంగానే అడిగా, ఒప్పుకుంటున్నా. "బ్లీచింగ్ ఎందుకు వెయ్యలేదు కాకా?" అని. ఆయన మాటలు ఇప్పటికీ చెవుల్లో ఉన్నాయి. "మిషిను ఏస్తది అన్నరు గద బిడ్డా. తాళంచెయ్యి తీస్కున్నరు. నన్ను ముట్టద్దన్నరు. ఇగ నేనెందుకు ఎక్కుడు?" అన్నాడు. కాసేపాగి, "ఆఖరి నల్ల కాడికి గూడ పోవుడు బంజేసిన" అన్నాడు.

రాత్రి పడుకుంటే అర్థమైంది నేను చేసిన పనేంటో. ఎండాకాలం మూడు పిడికిళ్ళు అన్నాడే, అది ఊరికే అన్నది కాదు. వేడికి సంచిలో పౌడర్ బలం పోతుందని ఆయనకి కెమిస్ట్రీ తెలీదు. కానీ ఆఖరి నల్లా దగ్గర వాసన తగ్గిందని ముక్కు చెప్పింది, ఒక పిడికిలి పెంచాడు. మనం చదువుకున్న భాషలో దాన్ని క్లోజ్డ్ లూప్ కంట్రోల్ అంటారు. కొలత చివరి నల్లా దగ్గర, సర్దుబాటు ట్యాంకు దగ్గర. ఆ లూప్‌లో సెన్సర్ ఆయన ముక్కు. నేను పోయి ఆ సెన్సర్‌ని పీకేసి, దాని స్థానంలో గుడ్డిగా తిరిగే ఒక పంపు పెట్టి, దానికి ఆటోమేషన్ అని పేరు పెట్టా.

ముక్కుని నమ్ముకోమని నేననను. మన తాగునీటి ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం నల్లా దగ్గర లీటరుకి కనీసం 0.2 మిల్లీగ్రాముల ఫ్రీ క్లోరిన్ మిగిలుండాలి, ఆ తేడా ముక్కుతో చెప్పడం కష్టం. జలుబు చేస్తే అసలే చెప్పలేం. కానీ తప్పు చోట పెట్టిన మంచి సెన్సర్ కన్నా సరైన చోట ఉన్న ముక్కు మేలు అని నా మటుకు నాకు తెలిసొచ్చింది.

ఈ గొడవంతా మా అక్కకి చెప్పుకున్నా. అక్క ఉట్నూరు వైపు ఒక గూడెంలో ఆశ్రమ పాఠశాలలో టీచరు. ఆదిలాబాద్ ఏజెన్సీలో వానాకాలం అంటే విరేచనాల కాలం అని చిన్నప్పట్నుంచీ వింటూ పెరిగినవాళ్ళం. విని ఆమె జాలిపడలేదు, ఒక్కటే అడిగింది. "నువ్వు డల్లాస్ నుంచి మోటరు చూస్తున్నవ్ సరే, నల్ల కాడ నీళ్ళు చూసేటోళ్ళు ఎవర్రా?"

వాళ్ళ బడికి నల్లా నీళ్ళు వచ్చినా వంటకి, కడుక్కోవడానికి ఇప్పటికీ ఒక చేదబావి వాడతారు. అందులో క్లోరిన్ ఎలా వేస్తారో చెప్తే ఆశ్చర్యపోయా. దాన్ని జోడుకుండల పద్ధతి అంటారట. నాగపూర్‌లోని నీరి సంస్థ తయారుచేసిన పద్ధతి, ఆదిలాబాద్ దాటి హైవే మీద పైకి పోతే వచ్చే నాగపూరే. కిలో బ్లీచింగ్ పౌడర్, రెండు కిలోల దొడ్డు ఇసుక తడిపి కలిపి చిన్న కుండలో పోస్తారు. దానికి పైభాగంలో ఒక సెంటీమీటరు రంధ్రం. దాన్ని ఇంకో పెద్ద కుండలో పెడతారు, దానికీ ఒక రంధ్రం. మూతికి పాలిథీన్ కట్టి, తాడుతో బావి నీళ్ళలో మీటరు లోతుకి దించుతారు. క్లోరిన్ ఆ రంధ్రాల గుండా కొంచెం కొంచెం నీళ్ళలోకి దిగుతుంది. నాలుగున్నర వేల లీటర్ల నీళ్ళుండి, రోజుకి నాలుగు వందల లీటర్లు తోడుకునే చిన్న బావికి రెండు మూడు వారాలు సరిపోతుంది. కరెంటు లేదు, సిమ్ కార్డు లేదు. ఆటోమేషన్ అంటే ఇది కూడా కదా?

అయితే అక్క కుండని నమ్ముకుని కూర్చోదు. రోజూ పొద్దున ప్రార్థనకి ముందు ఒక పిల్ల చేత నీళ్ళు పట్టించి, మందు చుక్క వేసి, రంగు పట్టీ పక్కన పెట్టి చూస్తుంది. తేదీ, రంగు పుస్తకంలో రాస్తుంది. రంగు తగ్గిన రోజు కుండ పైకి తీస్తారు. "కుండ దాని పని చేస్తది, నేను నా పని చేస్త" అంది. మా ఇంట్లో ఇంజనీరు ఎవరో ఆ రోజు తేలిపోయింది.

చరిత్రలోకి పోయినా ఇదే కనబడుతుంది. అమెరికాలో ఒక ఊరి నీళ్ళన్నిటికీ రోజూ ఆపకుండా క్లోరిన్ కలపడం 1908 సెప్టెంబరు 26న జెర్సీ సిటీ నీళ్ళతో మొదలైంది. దాన్ని నడిపించింది జాన్ లీల్ అనే డాక్టరు, కట్టింది జార్జ్ ఫుల్లర్ అనే ఇంజనీరు. అందులో సెన్సర్ ఏదీ లేదు. ఎప్పుడూ ఒకే ఎత్తులో నీళ్ళుండే తొట్టి, దానికో రంధ్రం, అందులోంచి సమానంగా పడే బ్లీచింగ్ ద్రావణం. మన కుండకి అన్నలాంటిదే. దాన్ని నమ్మారంటే, నీళ్ళు తీసి పరీక్ష చేసి సూక్ష్మక్రిములు లేవని కోర్టులో రుజువు చేశారు కాబట్టి. పంపు తిరిగిందని కోర్టుకి చెప్పలేదు.

అవతల మన దగ్గర, 2009 మేలో హైదరాబాద్ భోలక్‌పూర్‌లో, 2018 మార్చిలో గుంటూరులో, తాగే నీళ్ళ పైపుల్లోకి మురుగు చేరి ప్రాణాలు పోయాయి. ఫిల్టర్ బెడ్ దగ్గర ఎంత గొప్ప యంత్రం ఉన్నా పైపులో జరిగే దాన్ని అది చూడలేదు. నల్లా దగ్గర మిగిలిన క్లోరిన్ ఒక్కటే ఆ సంగతి చెప్తుంది. నిన్న 0.5 ఉన్నది ఈరోజు సున్నా అయిందంటే దారిలో ఏదో దాన్ని తినేసిందని అర్థం. అంటే మిగులు క్లోరిన్ కాపలా కూడా, కబురు కూడా. ఆ కబురు అందుకోవాలంటే ఎవరో ఒకరు రోజూ అక్కడికి పోవాలి.

"మనుషుల మీద ఆధారపడితే ఎట్లా, మనుషులు మర్చిపోతారు, బద్ధకిస్తారు" అని మీరంటారు. నిజమే, నేనూ అదే అన్నా. ఆటోమేషన్ వద్దని నేను చెప్పట్లేదు. మందు వేసే పని యంత్రానికి ఇస్తే లాభమే. ఢాకాలో మురికివాడల పంపుల దగ్గర కరెంటుతో పనిలేని టాబ్లెట్ డోసర్లు పెట్టి చూస్తే పిల్లల్లో విరేచనాలు 23 శాతం తగ్గాయని 2019లో లాన్సెట్ గ్లోబల్ హెల్త్‌లో వచ్చింది. అక్కడా టాబ్లెట్లు నింపడానికి, క్లోరిన్ చూడడానికి మనుషులు తిరిగారు. నా వాదన ఒక్కటే: వేసే పని యంత్రానికి ఇచ్చినప్పుడు చూసే పని ఇంకా గట్టిగా మనిషికి అప్పజెప్పాలి, దానికి జీతం ఇవ్వాలి. మనం రెండూ ఒకేసారి ఎత్తేస్తాం. ఆఫీసులో మనమే ప్రొడక్షన్ సర్వర్ మీద "ప్రాసెస్ నడుస్తోంది" అని చూసి నిద్రపోం కదా, అవతల కస్టమర్‌కి పేజీ తెరుచుకుంటుందో లేదో చూస్తాం. ఊరి నీళ్ళ దగ్గరికొచ్చేసరికి ఆ బుద్ధి ఎటు పోతుందో!

ఇంకో మాట, ఎన్నారైలం మనకి మనం చెప్పుకోవాల్సింది. మనం సామాన్లు ఇస్తాం, ఎందుకంటే సామాన్లకి ఫోటో వస్తుంది. మూడో నెల హైపో డ్రమ్ముకి, ఆరో నెల పంపు ట్యూబుకి, పన్నెండు నెలలూ ఒక మనిషి సైకిలు తొక్కినందుకు ఫోటో రాదు. నేను లక్ష పైన పెట్టిన దానిలో ఆ మనిషికి పోయింది సున్నా. పోనీ ఆయన్ని అడిగానా, నీకు ఏం కావాలి కాకా అని? అడగలేదు. అడిగితే ఏమనేవాడో తర్వాత తెలిసింది. పౌడర్ సంచి తేమ తగలకుండా పెట్టుకోవడానికి మూత గట్టిగా ఉండే ఒక ప్లాస్టిక్ డబ్బా అడిగాడు.

2023 దసరాకి పోయి కొన్ని మార్చాం. పంపు తీసెయ్యలేదు, ఉంది. తాళంచెవి కాక దగ్గరుంది. హైపో చిన్న డ్రమ్ముల్లో, నీడలో. అది లేనప్పుడు వెయ్యడానికి డబ్బాలో బ్లీచింగ్ పౌడర్. చివరి నల్లా ఉన్న ఇంటి గోడకి ఒక పుస్తకం వేలాడదీశాం. కాక రోజూ అక్కడ చుక్కల మందుతో రంగు చూసి రాస్తాడు, ఆ ఇంటావిడ కోడలు పక్కన సంతకం పెట్టి, ఫోన్లో అంకె నొక్కుతుంది. ఊరి నుంచి బయటికొచ్చిన పదిమందిమి తలా ఇంతని వేసుకుని ఇద్దరికీ నెలనెలా ఇస్తున్నాం. ఎక్కువేం కాదు, మా పూల్ కరెంటు బిల్లు కన్నా తక్కువ. నా ఫోన్లో పంపు లైటు తీసేశా. ఇప్పుడు కనబడేవి రెండే: చివరి నల్లా దగ్గర రాసిన అంకె, అది రాసి ఎన్ని గంటలైందన్నది. ముప్పై ఆరు గంటలు దాటితే ఎర్రలైటు, అంకె ఎంత బాగున్నా సరే.

అంతా సాఫీగా ఉందని చెప్పను. 2024 ఫిబ్రవరిలో సర్పంచుల పదవీకాలం అయిపోయి ప్రత్యేకాధికారులు వచ్చినప్పుడు ఎవరి సంతకంతో ఏం కొనాలో తేలక టెస్టు మందు అయిపోయింది. వారంపాటు రీడింగు లేదు. ఫోన్లో ఎర్రలైటు. నేను ఫోన్ చేసేలోపే కాక ఫోన్ చేశాడు, "మందు ఒడిసింది బిడ్డా, వాసన జూసి ఏస్తున్న, గని పుస్తకంల ఏం రాయాల్నో సమజైతలేదు" అని. మందు కరీంనగర్ నుంచి బస్సులో పంపించాం. ఆ వారం ఎర్రలైటు చూసినప్పుడల్లా భయం వేసింది, కానీ ముందటేడాది ఆరు నెలల పచ్చలైటు కన్నా దాన్నే ఎక్కువ నమ్మా.

చిన్నమ్మ బాగానే ఉంది. పోయినసారి వెళ్ళినప్పుడు చెంబుతో నీళ్ళిస్తూ, "మందు వాసన వస్తుందిరా, తాగుతవా?" అనడిగింది. తాగా.

తమ్ముడూ, పార్ట్స్ లిస్టు రేపు పంపిస్తా. ఫ్లో స్విచ్చి మర్చిపోకు, రీడింగుకి టైమ్ కట్టు, రోజు పరిమితి పెట్టు. అయితే లిస్టులో మొదటిది మాత్రం టెస్టు కిట్టు. అన్నీ బిగించాక కూడా పిల్లలు దిగేముందు నువ్వు వంగి, నీళ్ళు పట్టి, రంగు చూడాలి. చూడడానికి ఓపిక లేదంటే లిస్టే అడగొద్దు, చేత్తో పోసుకోవడం నయం.